నిమ్స్, ఉస్మానియా, గాంధీ: పడకలు పెరుగుతున్నాయి సరే, పని నేర్చిన చేతులు ఎలా పెరుగుతాయి?

ఎక్స్‌రే తాత
శనివారం, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లోనే ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో 34 ఏళ్లు రేడియోగ్రాఫర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఉండేది ఎర్రమంజిల్ దగ్గర. పొద్దున్నే నడకకు వెళ్తే నిమ్స్ ఆస్పత్రి కొత్త బ్లాక్ కనబడుతుంది. 2023 జూన్ 14న శంకుస్థాపన చేశారు, 2000 పడకలు అన్నారు. దాని ముందు రోజూ రెండు నిమిషాలు నిలబడకుండా ముందుకు పోలేను.

నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ ఆవరణను పెద్దవాళ్లు ఎముకల ఆస్పత్రి అనేవారు. 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రిగా మొదలైంది కదా, ఆ పేరు చాలాకాలం పోలేదు. తర్వాత గుండె, మెదడు, కిడ్నీ, ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. 1989లో చట్టం చేసి విశ్వవిద్యాలయ హోదా ఇచ్చారు. కాకర్ల సుబ్బారావు గారు అమెరికా నుంచి వచ్చి డైరెక్టర్‌గా కూర్చున్న రోజులు నాకు బాగా గుర్తు. ఆయన రేడియాలజిస్టు. ఎక్స్‌రే గదుల్లో పనిచేసే మాలాంటి వాళ్లకు ఆయన పేరు వింటేనే ఛాతీ ఉప్పొంగేది. మా విద్య చదివినాయన అంత పెద్ద సంస్థను నడుపుతున్నాడు అని.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మాది తడి ఫిల్మ్. డార్క్‌రూమ్‌లో ఎర్ర లైటు. ఫిల్మ్‌ను హ్యాంగర్‌కి బిగించి డెవలపర్‌లో ముంచాలి, నీళ్లలో జాడించాలి, బొమ్మ నిలబడేలా చేసే హైపో ద్రావణంలో పెట్టాలి, మళ్లీ కడగాలి, ఆరబెట్టాలి. యాక్సిడెంట్ కేసు వస్తే సర్జన్ తలుపు దగ్గరే నిలబడి "తడిదే ఇవ్వు" అనేవాడు. నీళ్లు కారుతున్న ఫిల్మ్‌నే లైటుకు ఎత్తి చూసేవాడు. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది, దాన్ని కొనుక్కుపోయేవాళ్లు కూడా వచ్చేవారు. తర్వాత ఫిల్మ్ బదులు కంప్యూటర్‌తో చదివే క్యాసెట్లు వచ్చాయి, తర్వాత పూర్తి డిజిటల్. ఇప్పుడు బటన్ నొక్కిన కొన్ని సెకన్లకు బొమ్మ డాక్టర్ గారి కంప్యూటర్‌లో ఉంటోంది.

కానీ 34 ఏళ్లలో నేను చూసింది ఒకటుంది. మిషన్ ఎంత మారినా, విరిగిన తుంటితో కేకలు పెడుతున్న ముసలమ్మను నొప్పి తెలియకుండా టేబుల్ మీదకు చేర్చడం ఒకరి దగ్గర నిలబడి నేర్చుకోవాల్సిందే. నాకు మా సీనియర్ నేర్పాడు. నేను ఒక పదిమందికి నేర్పి ఉంటాను.

అందుకే అడుగుతున్నాను. బిల్డింగులు వస్తున్నాయి, మిషన్లు వస్తున్నాయి. వాటి వెనక నిలబడే మనుషుల్ని తయారుచేసే పని ఎలా జరుగుతోంది? లోపల పనిచేస్తున్నవాళ్లు, వైద్యం చేయించుకున్నవాళ్లు ఎవరైనా రాయండి.


జావేద్, పాతబస్తీ
శనివారం, ఉదయం 8:15

తాతగారూ, సలాం. మంచి మాట ఎత్తారు.

మాది ఉస్మానియా వెనక గల్లీ. మా తాత, మా నాన్న, మేము, అందరం అక్కడి చీటీలతోనే బతికినవాళ్లం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. మా ఇంట్లో పిల్లలకు ముందు చూపించేది ఆ చెట్టునే. ఆ వరద తర్వాతే ఇప్పుడున్న గుమ్మటాల బిల్డింగ్ కట్టారు. విన్సెంట్ ఎష్ గీసిన నక్షా, ఏడో నిజాం కట్టించింది.

2020 జులైలో వార్డుల్లోకి వాన నీళ్లొచ్చి పేషెంట్లను తరలించి ఆ పాత బిల్డింగ్‌ను మూసేసిన రోజు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొత్తది గోషామహల్‌లో కడుతున్నారు, 2025 జనవరి 31న పునాదిరాయి వేశారు. అది కూడా 2000 పడకలే. సంతోషం. పాత గుమ్మటాల్ని మాత్రం పడిపోనివ్వద్దు. కొత్త ఆస్పత్రి కావాలి, పాత బిల్డింగ్ కూడా నిలబడాలి. రెండింట్లో ఏదో ఒకటే అడగమని మాతో ఎవరూ అనొద్దు.

మనుషుల్ని తయారుచేసే సంగతి అడిగారు. హైదరాబాద్ మెడికల్ స్కూల్ 1846లో మొదలైంది. మొదట పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. అంటే ఈ ఊరికి డాక్టర్లను తయారుచేయడం కొత్త కాదు, 180 ఏళ్ల కింది అలవాటు.


ఖమ్మం వెంకట్
శనివారం, మధ్యాహ్నం 12:50

తాతగారి మీద గౌరవంతోనే చెప్తున్నా, నేను ఒప్పుకోను. ముందు బెడ్. తర్వాతే మిగతావన్నీ.

మా నాన్నకు మెదడులో రక్తం గడ్డ కట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకర పోయింది. రాత్రి 11కి బయలుదేరితే తెల్లారగట్ల హైదరాబాద్ చేరాం. మొదట వెళ్లిన ఆస్పత్రిలో బెడ్ లేదన్నారు. రెండో చోట స్కానింగ్ మిషన్ రిపేరులో ఉంది, బయట తీయించుకురండి అన్నారు. మూడో చోట చేర్చుకున్నారు. ఆస్పత్రుల పేర్లు ఇక్కడ అనవసరం, అందరి బాధా ఒకటే కాబట్టి రాస్తున్నా. నాన్నను స్ట్రెచర్ మీదే పెట్టుకుని నేనూ మా బావా పొద్దెక్కేదాకా సిటీ రోడ్లు కొలిచాం.

ఆ వేళ నాకు ఒక్క ఖాళీ మంచం చూపించి ఉంటే చాలు, కాళ్లు మొక్కేవాణ్ని. కాబట్టి 2000 పడకలంటే మాకు చిన్నమాట కాదు.

నాన్న ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. ఎడమ చేత్తో అన్నం తింటున్నాడు. పొలం గట్టు మీద కూర్చుని తిడుతుంటాడు, అది వింటే మాకు ధైర్యం.


నైట్‌డ్యూటీ పీజీ
శనివారం, రాత్రి 11:30

వెంకటన్నా, మీ నాన్నగారు కోలుకుంటున్నందుకు చాలా సంతోషం. నేను అనెస్థీషియా పీజీని, అంటే మత్తు డాక్టర్ చదువు. రెండో ఏడాది. ఇప్పుడే ఒక కేసు అయి కాస్త గ్యాప్ దొరికింది.

మీరు చెప్పినదాంట్లో ఒక విషయం అందరికీ తెలియాలి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఇచ్చేముందు స్కాన్ తీసి లోపల రక్తస్రావం లేదని చూసుకోవాలి, ఉంటే ఆ మందే ప్రాణం తీస్తుంది. పెద్ద నాళంలో గడ్డయితే తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే పద్ధతి కూడా వచ్చింది, కొందరిలో 24 గంటల వరకు చేయవచ్చు. ఖమ్మం నుంచి హైదరాబాద్ వచ్చేసరికే టైమ్ అంతా రోడ్డు మీద అయిపోతోంది. అందుకే మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి, దగ్గర్లో స్కాన్ ఎక్కడుందో అక్కడికే ముందు వెళ్లండి. హైదరాబాద్ తర్వాత సంగతి.

ఇక బెడ్డా, చేతులా అన్న ప్రశ్న. అన్నా, బెడ్ ఒక్కటే ఉంటే అది మంచమే. దాన్ని ఐసీయూ బెడ్ చేసేది మనిషి. నా చదువే లెక్క చూడండి. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్సీతో కలిపి అయిదున్నరేళ్లు. పీజీ మూడేళ్లు. గుండె డాక్టరో మెదడు డాక్టరో కావాలంటే డీఎం ఇంకో మూడేళ్లు. మొత్తం పదకొండున్నరేళ్లు. మధ్యలో ఎంట్రన్సులకు పోయే ఏళ్లు లెక్కలో లేవు. ఈ రోజు శంకుస్థాపన చేసిన బ్లాక్‌లో కూర్చోవాల్సిన గుండె డాక్టర్ ఈ రోజే ఎంబీబీఎస్‌లో చేరితే, బిల్డింగ్ పూర్తయ్యాక చాలా ఏళ్లకు గానీ వాడు చేతికి రాడు. అందుకే రెండూ ఒకేసారి మొదలవ్వాలి.

మొదలయ్యాయి కూడా. తెలంగాణ వచ్చినప్పుడు 5 ప్రభుత్వ మెడికల్ కాలేజీలు, 2024 నాటికి 34. నిమ్స్‌లో ఎంబీబీఎస్ లేదు. అక్కడ పీజీ, దాని మీద సూపర్ స్పెషాలిటీ. కాబట్టి ఈ 34 కాలేజీల పిల్లలు రేపు అలాంటి చోట్లకే వచ్చి తలుపు తడతారు. అక్కడ సీట్లు, నేర్పే ప్రొఫెసర్లు పెరక్కపోతే ఇంతమందీ ఎక్కడికి వెళ్లాలి?

జావేద్ భాయ్, మీరు 1846 అన్నారు. మా మత్తు డాక్టర్లకు హైదరాబాద్ పుణ్యక్షేత్రం లాంటిది. 1888, 1889లో ఇక్కడే, అప్పట్లో మత్తుకు వాడే క్లోరోఫామ్ ప్రాణం ఎలా తీస్తుందో తేల్చే కమిషన్లు జరిగాయి. ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ పట్టుబట్టాడు, ఆరో నిజాం ఖర్చు పెట్టుకున్నాడు. క్లోరోఫామ్ గుండెకు నేరుగా హాని చేయదు, ఊపిరినే ఆపుతుంది అని తేల్చారు. గుండెనూ దెబ్బతీస్తుందని తర్వాత తెలిసింది, అంటే వాళ్ల తీర్పు నిలబడలేదు. కానీ ఊపిరి మీద కన్ను వేసి ఉంచాలన్నది ఇప్పటికీ మాకు మొదటి పాఠం. ఆ రోజుల్లోనే రూపాబాయి ఫర్దూన్‌జీ అనే ఆవిడ ఇక్కడ మత్తు ఇవ్వడం నేర్చుకుంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్‌గా ఆవిడ పేరే చెప్తారు. రాత్రి మూడింటికి నీరసం వస్తే నేను ఆవిడను తలుచుకుంటాను.

పిలుస్తున్నారు. మళ్లీ వస్తా.


ఐసీయూ సిస్టర్
ఆదివారం, ఉదయం 7:20

నైట్ దిగి ఇప్పుడే ఇంటికొచ్చా. డాక్టర్ల లెక్క తమ్ముడు చెప్పాడు. మా లెక్క నేను చెప్తా.

జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. కానీ కాలేజీ అయిపోయిన పిల్లను తెచ్చి వెంటిలేటర్ పక్కన నిలబెట్టలేం. అలారం మోగితే ఏ అలారమో చెవికి తెలియడానికే నెలలు పడుతుంది. గొట్టంలో కఫం అడ్డుపడిందా, పేషెంట్ పైపు కొరుకుతున్నాడా, సర్క్యూట్ ఊడిందా, ఒక్కోదానికి ఒక్కో చప్పుడు. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌కు ఒక్క నర్సు ఉండాలి, ఒక్కరికి ఒక్కరు. రోజుకు మూడు షిఫ్టులు. సెలవులు, వీక్లీ ఆఫ్‌లు కలుపుకుంటే ఒక్క బెడ్‌కు నలుగురికి పైనే కావాలి. 100 ఐసీయూ బెడ్లంటే నాలుగు వందల మంది నేర్చిన నర్సులన్నమాట. పేపర్లో బెడ్ల సంఖ్య చదివినప్పుడల్లా నా మనసు ఈ గుణకారమే చేస్తుంది.

కరోనా అప్పుడు 2020లో గాంధీని మొత్తం కొవిడ్‌కే ఇచ్చేశారు కదా. అప్పుడు రాష్ట్రమంతటా వెంటిలేటర్లు వచ్చాయి. వాటి ముందు నిలబడేవాళ్లు చాలక ఎంత టెన్షన్ పడ్డామో ఆ రోజుల్లో పనిచేసిన ప్రతి సిస్టర్‌నూ అడగండి.

కొత్త పిల్లలకు నేను మొదట నేర్పేది మందులు కాదు. పేషెంట్‌కు తెలివి లేదనుకుని వాళ్ల ముందు ఏదీ మాట్లాడొద్దు, వింటుంటారు అని. పక్కకు తిప్పే ముందు "అమ్మా, పక్కకు తిప్పుతున్నా" అని చెప్పి తిప్పమంటా. ఆరు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న ఒక పెద్దాయన ట్యూబ్ తీశాక నన్ను గొంతుతో గుర్తుపట్టాడు. "అయ్యా అంటూ పిలిచిన పిల్లవు నువ్వేనా" అన్నాడు. నా సర్వీసులో అంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు.


ఖమ్మం వెంకట్
ఆదివారం, ఉదయం 9:05

సిస్టరమ్మా, చదివి చేతులు జోడించా. ఒక బెడ్‌కు నలుగురు అన్న లెక్క నాకు తెలియదు. తాతగారి ప్రశ్న ఇప్పుడు అర్థమవుతోంది.

అయినా ఇంకో మాట. పేషెంట్‌తో వచ్చిన మా సంగతి కూడా చూడండి. ఊరు నుంచి వచ్చినవాళ్లకు రాత్రి పడుకునే జాగా ఉండాలి. స్నానానికి నీళ్లు ఉండాలి. ఆస్పత్రి దగ్గర అయిదు రూపాయల భోజనం దొరికిన రోజుల్లో మా బావ, నేను దాంతోనే గడిపాం. కడుపులో అన్నం పడితేనే డాక్టర్ చెప్పింది తలకెక్కుతుంది.


శైలు మల్కాజిగిరి
ఆదివారం, ఉదయం 11:40

నాకు ఇక్కడ ఎవరైనా సాయం చేస్తారేమో అని రాస్తున్నా.

మా అమ్మకు 58 ఏళ్లు, షుగర్. కిడ్నీలు రెండూ బాగా దెబ్బతిన్నాయి. డయాలసిస్ మొదలుపెట్టాలన్నారు. ముందు ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేయాలట. అమ్మకు భయం, నాకు అంతకంటే ఎక్కువ భయం. ఆరోగ్యశ్రీ కార్డు మీద అవుతుందా? చెయ్యి పనికిరాకుండా పోతుందా? అమ్మ టైలరింగ్ చేస్తుంది, చెయ్యి లేకపోతే ఆవిడ బతకదు.


ఐసీయూ సిస్టర్
ఆదివారం, మధ్యాహ్నం 12:10

శైలూ, భయపడకమ్మా. ఫిస్టులా అంటే చేతిలో రక్తం తెచ్చే నాళాన్ని, తీసుకుపోయే నాళాన్ని కలిపి కుట్టడం. అప్పుడు ఆ సిర లావెక్కి గట్టిపడుతుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్ సూదులు పడాలి కదా, మామూలు సిర తట్టుకోలేదు. ఆపరేషన్ అయ్యాక సిద్ధం కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అందుకే ముందే చేయించమన్నారు. చేయించకపోతే మెడలో పైపు పెట్టాల్సి వస్తుంది, దాంతో ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ. చాలామంది ఫిస్టులా చేత్తో వంట చేసుకుంటారు, మిషన్ తొక్కుతారు. బరువులు ఎత్తకూడదు అంతే.

ఇప్పటి నుంచే ఎడమ చేతికి ఎవరినీ సూది వేయనివ్వకు. సెలైన్, రక్తపరీక్ష, బీపీ, ఏదైనా కుడి చేతికే. అమ్మ మర్చిపోతే నువ్వు చెప్పు. ఆపరేషన్ అయ్యాక డాక్టర్ చెప్పినప్పటి నుంచి మెత్తటి బంతి పిసకమను. రోజూ పొద్దున, రాత్రి కుట్టు దగ్గర వేళ్లు ఆనించి చూడు. లోపల చిన్న మోటారు తిరుగుతున్నట్టు అదురు తెలియాలి. ఆ అదురు ఆగిపోతే ఆ రోజే ఆస్పత్రికి పరిగెత్తాలి, తెల్లారనీయొద్దు.

డయాలసిస్ ఆరోగ్యశ్రీలో ఉంది. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది, కార్డు, ఆధార్ తీసుకుని ముందు అక్కడికే వెళ్లు. మన రాష్ట్రంలో ఆ పథకం కింద రక్తం శుభ్రం చేసే ఫిల్టర్‌ను ఒక్కసారే వాడి పారేస్తారు, ఒకరిది ఒకరికి అన్న బెంగ లేదు. డయాలసిస్ వాళ్లకు ఆసరా పింఛను కూడా ఉంది, 2022 నుంచి ఇస్తున్నారు.


ఎక్స్‌రే తాత
ఆదివారం, సాయంత్రం 5:30

సిస్టరమ్మ చెప్పింది చదివి మనసు నిండింది. నేను అడిగిన ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఆరోగ్యశ్రీ మాట వచ్చింది కాబట్టి ఒకటి రాస్తాను. 2007లో అది మొదలైనప్పుడు ముందు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పెట్టారు. ఇప్పుడు తెలంగాణలో పరిమితి 10 లక్షలు, 2023 డిసెంబర్ నుంచి. అంతకుముందు కూలివాడి కొడుక్కి గుండెలో రంధ్రం ఉందంటే ఇల్లు అమ్ముకోవడమో, దేవుడి మీద భారం వేయడమో. పథకంలో రానివాటికి ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ, అంటే ఖర్చు భరిస్తామన్న హామీ కాగితం, తెచ్చుకుని నిమ్స్‌లో చేరేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ కాగితం చేత్తో పట్టుకుని బస్సు దిగే మనుషుల్ని పంజాగుట్టలో ఎంతమందిని చూశానో.


రఘు బయోమెడికల్
ఆదివారం, రాత్రి 8:45

వెంకట్ గారు రాసిన "స్కానింగ్ మిషన్ రిపేరులో ఉంది" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అది నా పని కాబట్టి. నేను ఆస్పత్రి పరికరాల ఇంజనీర్‌ని, 16 ఏళ్లుగా.

మిషన్ కొనడం ఒకరోజు పండుగ. దాన్ని పదేళ్లు నడపడం రోజూ సంసారం. ఎంఆర్ఐ తీసుకోండి. దాని అయస్కాంతం ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది, సున్నాకు కింద 269 డిగ్రీల చలి. ఆ చలిని కాపాడే కంప్రెసర్‌కు చల్లటి నీళ్లు పంపే చిల్లర్ ఆగితే హీలియం ఆవిరైపోతుంది. అంటే పైన డాబా మీద ఉన్న ఒక నీళ్ల మోటారు చెడిపోతే కింద కోట్ల రూపాయల మిషన్ ప్రమాదంలో పడుతుంది. రాత్రి రెండింటికి ఆ మోటారు చూసేవాడు ఉన్నాడా లేడా, అదే అసలు ప్రశ్న.

కొనేటప్పుడు సర్వీసు ఒప్పందం కాగితం మీద ఏఎంసీ అని ఉంటే సర్వీసు మాత్రమే, పార్టుకు మళ్లీ డబ్బులు. ఆ ఫైలు నాలుగు టేబుళ్లు తిరిగి వచ్చేదాకా మిషన్ మూతపడి ఉంటుంది. సీఎంసీ అని ఉంటే పార్టులు కూడా కంపెనీవే. ఈ ఒక్క అక్షరం తేడాకు పేషెంట్లు స్ట్రెచర్ మీద ఊరంతా తిరుగుతారు. టెండర్ రాసేటప్పుడు మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకోండి అని ప్రతి చోటా అడుగుతాను.

ఇంకోటి కూడా చెప్పాలి. టెక్నాలజీ అంటే పెద్ద మిషనే కానక్కర్లేదు. కలాం గారు డీఆర్‌డీవోలో, ఈ ఊళ్లోనే ఉన్న రోజుల్లో, నిమ్స్ ఎముకల డాక్టర్ ఒకాయన ఆయన ల్యాబ్‌కు వచ్చాడు. క్షిపణి కోసం తయారుచేసిన కార్బన్ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశాడు. ఎంత తేలిగ్గా ఉందో చూసి కలాం గారిని వార్డుకు తీసుకెళ్లాడు. అక్కడ పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప క్యాలిపర్లు కట్టుకుని కాళ్లీడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. ఇది కలాం గారే ఎన్నో సభల్లో చెప్పారు. గుండె డాక్టర్ సోమరాజు గారితో కలిసి తక్కువ ధర స్టెంట్ చేసిందీ ఇదే ఊళ్లో. నేను ఈ చదువు ఎంచుకోవడానికి ఆ క్యాలిపర్ల కథే కారణం. పిల్లాడు పరిగెత్తడానికి కావలసింది రెండు కిలోల ఏడు వందల గ్రాముల బరువు తగ్గించడమే. అది కనిపెట్టాలంటే డాక్టర్ ల్యాబ్‌కు పోవాలి, ఇంజనీర్ వార్డుకు రావాలి.


జావేద్, పాతబస్తీ
సోమవారం, ఉదయం 7:50

రఘు భాయ్, మరి రోబో సంగతి? 2023లో నిమ్స్‌కు రోబో వచ్చిందని పేపర్లో చూశాను. అంత డబ్బుతో మామూలు ఆపరేషన్ థియేటర్లు ఇంకో పది పెట్టొచ్చు కదా అని మా బస్తీలో కొందరు అంటున్నారు. నేను కూడా సగం ఆ మాటే అనుకుంటున్నా. తప్పయితే చెప్పండి.


నైట్‌డ్యూటీ పీజీ
సోమవారం, సాయంత్రం 6:15

జావేద్ భాయ్, మంచి ప్రశ్న.

రోబో తనంతట తాను ఏమీ కోయదు. సర్జన్ కన్సోల్ దగ్గర కూర్చుని లోపలి దృశ్యాన్ని లోతుతో సహా పెద్దగా చూస్తూ చేతులు కదిలిస్తే, టేబుల్ దగ్గర మిషన్ చేతులు అలాగే కదులుతాయి. మణికట్టు తిరిగినట్టు తిరుగుతాయి. ప్రొస్టేట్ లాంటివి కటి లోపల, చెయ్యి సరిగా పట్టని చోట ఉంటాయి. అక్కడ ఇది బాగా పనికొస్తుంది. చిన్న కోతలు, తక్కువ రక్తం పోవడం, త్వరగా ఇంటికి. ఖర్చు నిజమే. దాని పనిముట్లు కూడా ఇన్నిసార్లే వాడాలని లెక్క ఉంటుంది, తర్వాత మార్చాల్సిందే.

కానీ నా వైపు నుంచి చూడండి. రేపు ఏ ఆస్పత్రిలోనైనా ఈ మిషన్ ఉంటుంది. ప్రభుత్వ సంస్థలో లేకపోతే మా తరం సర్జన్లు ఎక్కడ నేర్చుకోవాలి? లక్షలు పోసి నేర్చుకున్నవాడు లక్షలే వసూలు చేస్తాడు. కూలికి పోయే మనిషికి ప్రొస్టేట్ క్యాన్సర్ వస్తే ఆయనకు మాత్రం పెద్ద కోత, మిగతావాళ్లకు చిన్న కోతా? అది న్యాయం అనిపించదు నాకు.

థియేటర్లు పెంచాలన్న మీ మాట కూడా నిజం. ఒక్క రోబో ఉన్నచోట పది మామూలు థియేటర్లు నిండుగా నడవాలి. నేను ఈ చేతులతో పేషెంట్ గొంతులోకి ఊపిరి ట్యూబ్ వేయడం నేర్చుకున్నది రోబో థియేటర్‌లో కాదు. బొమ్మ మీద కొన్ని వారాలు, తర్వాత సీనియర్ పక్కన నిలబడి, తర్వాత సీనియర్ గది బయట ఉండగా. చదువులో భాగంగా మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో చేశాను, 2021 బ్యాచ్ నుంచి అందరు పీజీలకూ తప్పనిసరి అది. అక్కడ రాత్రి సిజేరియన్‌కు మత్తు ఇచ్చేవాళ్లం ఇద్దరమే. హైదరాబాద్‌లో ఇన్నాళ్లలో రాని ధైర్యం ఆ మూడు నెలల్లో వచ్చింది. వెంకటన్న వాళ్ల నాన్నగారు అర్ధరాత్రి ఇంత దూరం రాకుండా ఉండాలంటే అక్కడే మాలాంటివాళ్లు ఉండాలి.


రఘు బయోమెడికల్
సోమవారం, రాత్రి 9:10

పీజీ గారు చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతా. అవయవ మార్పిడి లాంటి పనుల్లో ఊరంతా ఒక ఆస్పత్రి అయిపోతుంది. అవయవదానాలు చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ 2013లో మొదలైంది, దాని ఆఫీసు నిమ్స్‌లోనే. బ్రెయిన్ డెడ్ అని నలుగురు డాక్టర్లు ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేసి చెప్పాలి. కుటుంబం ఒప్పుకోవాలి. గుండె అయితే నాలుగైదు గంటల్లో ఇంకొకరి ఛాతీలో కొట్టుకోవాలి. 2021 ఫిబ్రవరిలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్ వరకు, 21 కిలోమీటర్లు, మధ్యలో ఎక్కడా ఆగకుండా మెట్రో రైల్లో గుండెను తీసుకెళ్లారు. ఆ రోజు రైలు నడిపిన మనిషి కూడా నా లెక్కలో వైద్య సిబ్బందే.


ఎక్స్‌రే తాత
మంగళవారం, ఉదయం 6:30

అందరికీ ధన్యవాదాలు. పీజీ బాబు ఒక మాట అన్నాడు, "సీనియర్ పక్కన నిలబడి, తర్వాత సీనియర్ గది బయట ఉండగా" అని. మా సీనియర్ కూడా సరిగ్గా అలాగే చేసేవాడు. నేను మొదటిసారి ఒంటరిగా పసిబిడ్డకు ఛాతీ ఎక్స్‌రే తీసినప్పుడు ఆయన తలుపు అవతల బీడీ కూడా వెలిగించకుండా నిలబడ్డాడు. నాకు తర్వాత తెలిసింది.

నిన్న మా దగ్గర్లోని పారామెడికల్ కాలేజీకి వెళ్లి అడిగాను. వారానికి రెండు రోజులు వచ్చి పిల్లలకు పేషెంట్‌ను టేబుల్ మీదకు ఎలా చేర్చాలో, వణికే పిల్లను ఎలా ఊరుకోబెట్టాలో నేర్పుతానన్నాను. జీతం వద్దన్నాను. ప్రిన్సిపాల్ గారు గురువారం నుంచి రమ్మన్నారు. పాత ఫిల్ములు ఒక యాభై దాచుకున్నాను, పేర్లు కత్తిరించేసి. అవి పట్టుకెళ్తాను.


ఐసీయూ సిస్టర్
మంగళవారం, మధ్యాహ్నం 2:20

తాతగారూ, వాళ్లకు ముసలమ్మను పక్కకు తిప్పే పద్ధతి నేర్పేటప్పుడు దుప్పటి మడత పెట్టి లాగడం తప్పకుండా చూపించండి. మా దగ్గర కొత్తవాళ్లు చంకల కింద చేతులేసి లేపుతున్నారు. భుజాలు జారుతున్నాయి.


ఎక్స్‌రే తాత
మంగళవారం, మధ్యాహ్నం 3:00

మొదటి పాఠం అదే పెడతానమ్మా.


శైలు మల్కాజిగిరి
21 రోజుల తర్వాత, రాత్రి 10:05

ఇన్నాళ్లూ రాయలేకపోయాను, క్షమించండి. అమ్మకు ఆపరేషన్ కార్డు మీదే అయింది. కుడి చేతికి మాత్రమే సూది వేయమని నేను చెప్పబోతే, అక్కడున్న చిన్న నర్సు అప్పటికే అమ్మ ఎడమ చేతికి ప్లాస్టర్ అంటించి దాని మీద పెన్నుతో రాసి పెట్టింది. కొత్తగా చేరిందట, మూడు నెలలైందట.

బంతి పిసుకుతోంది అమ్మ. నిన్నటి నుంచి కాజాలు కూడా కుడుతోంది, వద్దన్నా వినడం లేదు. ఇప్పుడే పడుకునే ముందు వేళ్లు ఆనించి చూశాను సిస్టరక్కా. మోటారు తిరుగుతోంది.